చస్తేనే లెక్కకు వచ్చే దారి

కార్తీకమాసంలో మా తోటలో వనభోజనాలకు చుట్టపక్కాలు చేరినప్పుడు మా మేనల్లుడు కూడా వచ్చాడు. హైదరాబాదులో ఒక పెద్ద సంస్థలో ఉద్యోగుల హాజరు, జీతాలు, సెలవులు చూచే అధికారి వాడు. వాడి పేరు గాని, సంస్థ పేరు గాని వ్రాయను. నాకు మేనల్లుడుగా పుట్టడం వాడి నేరం కాదు గదా!

ఉసిరిచెట్టు క్రింద పంక్తిలో కూర్చొన్నాం. మా ఊరి కుర్రవాడొకడు అదే నగరంలో కాపలా ఉద్యోగం చేస్తున్నాడు. "పన్నెండు గంటల డ్యూటీ, రానుపోను మూడున్నర గంటల బస్సు, మిగిలినదే నిద్ర మాస్టారూ" అన్నాడు. ఫిర్యాదుగా అనలేదు, ఎండ ఎక్కువగా ఉందని చెప్పినట్లు చెప్పాడు. నేను మేనల్లుడి వైపు తిరిగి, "ఒరే, ఆ మూడున్నర గంటలూ ఎవరి పద్దులో వ్రాస్తారురా?" అని అడిగాను.

వాడు ముద్దపప్పులో నెయ్యి కలుపుకొంటూ తొణక్కుండా చెప్పాడు: "పని గేటు దగ్గర మొదలవుతుంది మామయ్యా. గేటుకు ఇవతల నడిచి వచ్చినా, ఎగిరి వచ్చినా వాళ్ళ సొంత విషయం. ఎక్కడ కాపురం పెట్టాలో మేము చెప్పడం లేదు గదా!"

పంక్తిలో ఎవరూ ఎదురు చెప్పలేదు. కాపలా కుర్రవాడైతే నిజమేనన్నట్లు తల ఊపాడు. నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ తల ఊపడమే. మా మేనల్లుడు చెడ్డవాడు కాడు. వాడు చదివిన చదువులో అలాగే ఉన్నది. నా పోట్లాట ఆ చదువుతో.

పోట్లాటకు దిగేముందు నా వంతు పాపం చెప్పుకోవాలి. 2003 ప్రాంతంలో పల్నాటి మెట్టలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా ఉన్నాను. ప్రధానోపాధ్యాయులు బదిలీ అయి వెళ్తే కొన్ని నెలలు ఆ బాధ్యత నా నెత్తిన పడింది. మా బడిలో ఒక విద్యావలంటీరు ఉండేది. ఇరవై రెండేళ్ళ పిల్ల. నరసరావుపేట నుండి పల్లెవెలుగు బస్సులో క్రాసురోడ్డు దాకా వచ్చి, అక్కడ ఆటో ఎక్కి, ఆటో దొరకని నాడు చెప్పులు చేతబట్టుకొని కాలువగట్టు మీద నడిచి వచ్చేది. ఆమెకిచ్చే గౌరవవేతనంలో సగానికి దగ్గరగా ఆ దారికే పోయేది. బస్సు ఆలస్యమైన రోజున ప్రార్థన అయిపోయిన తరువాత వచ్చేది. హాజరుపట్టీలో ఆమె పేరుకెదురుగా నేను ఎర్రసిరాతో గీత పెట్టేవాణ్ణి.

మా బోటి స్థిరోద్యోగులకు మూడు ఎర్రగీతలకు ఒక ఆకస్మిక సెలవు పోయేది, అంతే. ఆమెకు సెలవులే లేవు కనుక రోజు డబ్బులు పోయేవి. ఒకనాడు, "బస్సు నేను నడపడం లేదు గదండీ మాస్టారూ" అన్నది. "నిబంధన నేను వ్రాయలేదమ్మా" అన్నాను. మా మేనల్లుడి 'సొంత విషయాని'కీ ఆనాటి నా మాటకూ తేడా ఏమిటో ఎంత ఆలోచించినా నాకు దొరకలేదు.

అప్పట్లో మాకు ఇంకొక తమాషా ఉండేది. బడి ఉన్న ఊళ్ళోనే నివసిస్తున్నామని కాగితం వ్రాసి ఇవ్వాలి. ఆ ఊళ్ళో అద్దెకు ఇల్లు లేదు, మరుగుదొడ్డి ఉన్న ఇల్లు అసలే లేదు. అధికారులకు తెలుసు, మాకు తెలుసు, ఊరికి తెలుసు. అయినా ఏటేటా సంతకం పెట్టాం. పిల్లలకు హరిశ్చంద్రుడి పాఠం చెప్పిన చేత్తోనే పెట్టాను. దూరం ఉన్నదని ఒప్పుకొంటే దానికొక వెల కట్టవలసి వస్తుంది గనుక, దూరమే లేదని మాచేత వ్రాయించారు.

ఇక 'పని గేటు దగ్గర మొదలవుతుంది' అనే సూత్రం సంగతి. ఇది సూర్యుడు తూర్పున ఉదయించడం వంటిది కాదు. మనుషులు కోర్టులలో కొట్లాడి గీసిన గీత. ఆ గీత ఎన్నిసార్లు జరిగిందో చూస్తే మా వాడి ధీమా కొంత సడలుతుంది.

మీలో చాలామంది అమెరికాలో ఉన్నారు కనుక ముందు అక్కడి సంగతి. మిషిగన్ రాష్ట్రంలోని మౌంట్ క్లెమెన్స్‌లో ఒక కుండల కర్మాగారం. కార్మికులు గేటు దాటి తమ పనిబల్ల దాకా నడిచే కాలానికి కూలి ఇవ్వాలని 1946లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. యజమానుల గుండె గుభేలుమన్నది. మరుసటి ఏడే, 1947లో, పోర్టల్ టు పోర్టల్ చట్టం తెచ్చి ఆ తీర్పు కాళ్ళు విరగ్గొట్టారు. 2014లో అమెజాన్ గిడ్డంగుల కార్మికుల వ్యాజ్యం అక్కడి సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. పని ముగిశాక, దొంగతనం చేయలేదని నిరూపించుకోవడానికి తనిఖీ వరుసలో ఇరవై అయిదు నిమిషాల దాకా నిలబడుతున్నామని వారి మొర. ఆ కాలానికి కూలి ఇవ్వనక్కరలేదని న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా చెప్పారు. అంటే గేటుకు లోపల, యజమాని ఆజ్ఞ మీద, యజమాని సొత్తు కోసం నిలబడినా అది పని కాదు! గేటు అనేది మా వాడు అనుకొన్నంత గట్టిది కాదన్నమాట. కూలివాడికి చెందేటప్పుడు ఇవతలికీ, యజమానికి చెందేటప్పుడు అవతలికీ జరిగే చక్రాల గేటు అది.

ఇక మన దేశం. సౌరాష్ట్రలో ఉప్పుకొఠారుల కూలీలు పని ముగించుకొని పడవలో పాయ దాటుతూ ఉండగా 1952లో పడవ మునిగి కొందరు చనిపోయారు. ఆ దారి అందరూ పోయే దారి గనుక, ఆ మరణాలు పనిలో జరిగినవి కావని 1958లో మన సుప్రీంకోర్టు తేల్చింది. తరువాత 1971లో కేరళలో కొరట్టి దగ్గర ఒక కార్మికుడు సైకిలు మీద కర్మాగారానికి వెళ్తున్నాడు. నాలుగున్నరకు అతని షిఫ్టు. నాలుగుంబావుకు, ఇంకొక కిలోమీటరు ఉందనగా, లారీ గుద్ది భుజం ఎముక విరిగింది. ఆ లారీ ఎవరిదనుకొన్నారు? అతని యజమానిదే! పనికి వెళ్తుండగా పని ఇచ్చినవాడి లారీయే గుద్దినా అది ఉద్యోగంలో కలిగిన గాయం కాదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు. పావుగంట, ఒక కిలోమీటరు అడ్డం వచ్చాయి. ఆ మనిషి పాతికేళ్ళు ఎదురుచూచినది ఈ మాట కోసం.

ఈ అన్యాయం పార్లమెంటుకే నచ్చక, 2010లో ఇ.ఎస్.ఐ. చట్టంలో 51-ఇ అనే సెక్షను చేర్చింది. ఇంటి నుండి పనికి, పని నుండి ఇంటికి వచ్చిపోయే దారిలో జరిగిన ప్రమాదం, ఆ కాలానికీ స్థలానికీ ఉద్యోగంతో సంబంధం ఉంటే, ఉద్యోగంలో జరిగినట్లే లెక్క. మహారాష్ట్రలో ఒక చక్కెర మిల్లు కాపలాదారు కథ ఇంకొకటి. తెల్లవారుజామున మూడింటికి డ్యూటీ. 2003 ఏప్రిల్‌లో మోటారు సైకిలు మీద వెళ్తూ, మిల్లు అయిదు కిలోమీటర్ల దూరంలో ఉండగా ప్రమాదంలో చనిపోయాడు. క్రింద గెలిచి, హైకోర్టులో ఓడి, చివరకు 2025 జూలై 29న సుప్రీంకోర్టులో ఆ కుటుంబం గెలిచింది. ఇరవై రెండేళ్ళు! 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ వచ్చిపోయే దారి ప్రమాదాలను ఉద్యోగ ప్రమాదాలుగానే ఎంచారు.

చాలా సంతోషం. ఇప్పుడు మా మేనల్లుడిని ఒక్కటే ప్రశ్న అడుగుతాను. తెల్లవారుజామున చీకటిలో వెళ్తున్న ఆ కాపలాదారు చచ్చిపోతే, ఆ అయిదు కిలోమీటర్లూ ఉద్యోగమే. అదే మనిషి ఆ రాత్రి క్షేమంగా మిల్లు చేరి ఉంటే, అదే అయిదు కిలోమీటర్లు, అదే చీకటి, అదే మోటారు సైకిలు 'సొంత విషయం'. దారి స్వభావం ప్రయాణికుడి ప్రాణం పోవడం మీద ఎలా ఆధారపడుతుందిరా నాయనా? తర్కశాస్త్రంలో దీనిని ఏమంటారో నేను చెప్పనక్కరలేదు. శవానికి ఇచ్చిన గౌరవం బ్రతికినవాడికి ఇవ్వరాదా?

ఐరోపాలో కొంత నయం. స్పెయిన్‌లో భద్రతాపరికరాలు బిగించే ఒక సంస్థ 2011లో ప్రాంతీయ కార్యాలయాలు మూసివేసి, పనివారిని ఇంటి నుండే నేరుగా గిరాకీల దగ్గరకు పంపసాగింది. ఒక్కొక్కనాడు నూరు కిలోమీటర్లు, మూడు గంటలు. ఆ మొదటి ప్రయాణం, చివరి ప్రయాణం 'విశ్రాంతి' క్రింద వ్రాశారు! అది విశ్రాంతి కాదు, పనికాలమేనని 2015లో ఐరోపా న్యాయస్థానం చెప్పింది. స్థిరమైన పనిచోటు లేనివారి సంగతే అది, కూలి ఎంత అన్నది ఆయా దేశాల చట్టాలకు వదిలింది. అయినా దూరాన్ని ఎవరు పెంచారు అన్న ప్రశ్న అడిగిన తీర్పు అది. మన నగరాలలో ఇవాళ ఒక చోట, రేపు ఒక చోట పనిచేసే ఏసీ మెకానిక్కులు, ఇళ్ళకు వచ్చే నర్సులు, ఏజెన్సీ వారు వారానికొక గేటుకు మార్చే కాపలావారు ఎందరున్నారో లెక్కపెట్టండి. వారికి ఏ గేటు దగ్గర పని మొదలవుతుంది?

ఇంతవరకు ఓపిక పట్టిన చదువరులు ఇంకొంచెం పట్టాలి. తెలుగు పండితుడు వ్యుత్పత్తి చెప్పకుండా ఊరుకోడు.

మన పెద్దలు 'జీతం' అని ఒంటిగా అనలేదు, 'జీతబత్తెములు' అన్నారు. జీతం పనికి, బత్తెం తిండికీ దారికీ. అన్నం అనే అర్థమున్న భక్తశబ్దానికి సంబంధించిన మాట ఇదని చెప్తారు. దారిబత్తెం అంటే పాథేయం, దారిలో తినడానికి కట్టి ఇచ్చే సామగ్రి. ఇంకొక చిత్రం చూడండి. సంస్కృతంలో శంబలమన్నా దారిబత్తెమే. మన కన్నడసోదరులు నెలజీతాన్ని ఇప్పటికీ 'సంబళ' అంటారు, తమిళులు 'సంబళం' అంటారు. (తమిళులు కొందరు సంబా బియ్యం, అళం అనే ఉప్పు కలిసి ఆ మాట అయిందంటారు. వారితో జగడం నాకెందుకు? అదైనా తిండిగింజే గదా.) దక్షిణదేశంలో జీతానికి ఉన్న పేరే దారిఖర్చు పేరు అయినప్పుడు, దారి సొంత విషయమని అనడానికి మా వాడికి నోరెలా వచ్చింది?

ఈ బత్తెమే ఆంగ్లేయుల నోట 'బట్టా' అయింది. ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారులు దండు కదిలినప్పుడు బట్టా పుచ్చుకొనేవారు. ప్లాసీ యుద్ధం తరువాత బెంగాలులో అది రెండింతలైంది. 1766లో క్లైవు ఆ రెట్టింపు బట్టాను ఎత్తివేస్తే ముంగేరు మొదలైన విడుదులలో తెల్ల అధికారులు ఒక్కుమ్మడిగా ఉద్యోగాలు వదులుకోవడానికి కుట్ర పన్నారు. బత్తెం పోయిందని కత్తి దూసినవారు దొరలు! మన కాపలా కుర్రవాడు తల ఊపుతున్నాడు.

బత్తెం నిజంగా పోయిందా అంటే పోలేదు, మేడ ఎక్కింది. కేంద్రప్రభుత్వ ఉద్యోగులకు ఇంటి నుండి కార్యాలయానికి వచ్చిపోవడానికే రవాణా భత్యం ఉన్నది. ఏడవ వేతనసంఘం తరువాత 2017 జూలై నుండి హైదరాబాదు వంటి పెద్ద నగరాలలో అట్టడుగు రెండు మెట్లవారికి నెలకు 1,350 రూపాయలు, నడుమవారికి 3,600, పై మెట్లవారికి 7,200, వాటిపై కరువుభత్యం. ఇంకా పైన కారుకు అర్హత ఉన్న అధికారి కారు వద్దంటే 15,750. కార్యాలయానికి దగ్గరగా బంగళాలో ఉండేవారెవరో, మూడు బస్సులు మారి వచ్చే బంట్రోతు ఎక్కడుంటాడో మీకు తెలుసు. దూరం తక్కువైన కొద్దీ దారిఖర్చు పెరిగే గణితం మా బడిలో చెప్పలేదు. అయినా ఒక విషయానికి దండం పెడతాను: ఎంతో కొంత, అందరికీ ఉన్నది. దారి సొంత విషయం కాదని ప్రభుత్వమే ఒప్పుకొన్నది.

మా మేనల్లుడు వనభోజనానికి వచ్చిన కారు సంస్థదే. డ్రైవరు జీతం, పెట్రోలు ఖర్చు కూడా సంస్థవే. ఈ సంగతి వాడే మా అక్కయ్యకు గర్వంగా చెప్పగా విన్నాను.

'ఎక్కడ కాపురం పెట్టాలో మేము చెప్పడం లేదు' అన్న మాటకు జవాబు. చెప్తున్నారు. నోటితో కాదు, జీతంతో చెప్తున్నారు. మీ అద్దాల మేడల చుట్టూ అయిదు కిలోమీటర్ల లోపల ఒక గది అద్దె ఎంతో, మీ కాపలావాడి జీతం ఎంతో పక్కపక్కన పెట్టి చూడండి. అతడు ఊరి చివర ఉండాలని మీ జీతాలపట్టీయే నిర్ణయించింది.

మహిళలకు తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం వచ్చింది. ఆ విద్యావలంటీరు కాలంలో ఉంటే ఆమె గౌరవవేతనం కొంత మిగిలేది. మంచిదే. కాని ఒక్క క్షణం ఆలోచించండి: యజమాని ఇవ్వవలసిన బత్తెం ప్రజల ఖజానా ఇస్తున్నది. పైగా టిక్కెట్టు ఉచితమైనా, నిలబడిన రెండు గంటలు ఎవరూ తిరిగి ఇవ్వడం లేదు.

పల్లెల సంగతి చెప్పకపోతే పాపం. 2005 నాటి ఉపాధిహామీ చట్టంలో (దాని స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు వేరొక చట్టం చేసింది) ఒక చక్కని నియమం ఉండేది. ఊరికి అయిదు కిలోమీటర్ల లోపల పని చూపాలి. అంతకు మించితే రాకపోకలకు, ఖర్చులకు కూలి మీద పది శాతం అదనం. ఆ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ఆరంభించినది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. గడ్డపార పట్టే కూలికి దూరం కొలిచి వెల కట్టడం సాధ్యమైనప్పుడు, కంప్యూటర్లు నిండిన సంస్థలకు అసాధ్యమెలా అవుతుంది?

మా పల్నాటిలో మిరపకోతల కాలంలో తెల్లవారకముందే ఆటోలు ఊళ్ళు తిరుగుతాయి. రైతుకు కూలీల కొరత ఎక్కువైన ఏడు, "కూలి ఇంత, ఆటో ఖర్చు నీదే" అని మా ఊరి ఆడవాళ్ళు ముందే తెగేసి చెప్తారు, రైతు ఇస్తాడు. అంటే దారిబత్తెం వాళ్ళ భాషలో బ్రతికే ఉన్నది. కాని గుత్తకు కుదిరిన ఆటోలో ఎంతమంది ఎక్కితే తలకు అంత తక్కువ పడుతుంది గనుక ఆరుగురి బండిలో పదిహేనుమంది ఎక్కుతారు. 2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర మిరపకోతకు వెళ్తున్న కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిదిమంది పోయారు. అదే ఏడు జూన్ 24న వేములకొండ దగ్గర ఇంకొక ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిహేనుమంది. 2022 జూన్ 30న చిల్లకొండయ్యపల్లి దగ్గర కూలీల ఆటో మీద కరెంటు తీగ తెగిపడి అయిదుగురు ఆడవాళ్ళు మాడిపోయారు. ఆ తీగ తెగడానికి ఉడుత కారణమని విద్యుత్తు అధికారులు చెప్పారు. వీళ్ళెవరికీ ఇ.ఎస్.ఐ. లేదు, 51-ఇ లేదు. మొదట చెప్పిన సూత్రం కూడా వీరికి వర్తించదు. చచ్చినా వీళ్ళ దారి లెక్కకు రాదు, ఎక్స్‌గ్రేషియా అనే దయాధర్మం తప్ప.

2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ రోజుకు పదిగంటల పనికి తలుపులు తెరిచాయి. పత్రికలలో వాదోపవాదాలు శ్రద్ధగా చదివాను. తొమ్మిదా పదా అని తర్కించారే గాని, ఆ పదికి ముందొకటీ వెనుకొకటీ అంటుకొని ఉన్న రెండేసి గంటల మాట నా కంటబడలేదు. ఇల్లు వదిలి ఇల్లు చేరేదాకా కొలిస్తే పద్నాలుగు. ఆ పద్నాలుగు గంటల మనిషి బిడ్డే మా బడిలో ఇంటిపని చేయకుండా వచ్చి నా చేత చీవాట్లు తిన్నది.

ప్రతివాడికీ ఇంటి గుమ్మం నుండి గంటకూలి లెక్కకట్టమని నేను అనడం లేదు. అలాగంటే దగ్గర ఇల్లున్నవాడికే ఉద్యోగమిస్తారని మా వాడు వెంటనే అంటాడు, ఆ మాటలో కొంత నిజమున్నది. పనిచోటు మార్చేది యజమాని అయితే ఆ దారి పనికాలమే కావాలి. తక్కినవారికి కారులో వచ్చే అధికారికి ఇస్తున్నట్లే బత్తెం కావాలి, తక్కువ జీతానికి ఎక్కువ బత్తెం. ఈ రెండూ ఇచ్చేలోపల, రూపాయి ఖర్చు లేని పని ఒకటున్నది: బస్సు చేసిన ఆలస్యానికి మనిషి కూలి కోయడం మానడం.

ఫోను చేసి మేనల్లుడికి ఇదంతా చెప్పాను. ఓపికగా విన్నాడు. "చివరిది మాత్రం అడిగి చూస్తాను మామయ్యా, ఆ యంత్రంలో పదినిమిషాలు దాటితే సగం రోజు దానంతటదే పోతుంది, నా చేతిలో లేదు" అన్నాడు. నా ఎర్రకలానికి యంత్రం వచ్చిందన్నమాట.

మీలో కొందరు అధికారులు, కొందరు ఆ యంత్రాలకు ప్రోగ్రాములు వ్రాసేవారు. మీ మీ చోట్ల ఎన్ని నిమిషాలకు ఎంత కోత ఉన్నదో, అది కాపలావారికీ, ఊడ్చేవారికీ కూడా ఒకటేనో కాదో కనుక్కొని ఇక్కడ వ్రాయండి. సంస్థల పేర్లు అక్కరలేదు.